రెబ్వార్ నిలబెట్టుకోలేకపోయిన మాట

కుర్దుల ప్రతినిధిగా బెర్లిన్ వచ్చేనాటికి రెబ్వార్ కొండల్లో తుపాకీ పట్టినవాడు, రెండుసార్లు ఎన్నికల్లో గెలిచినవాడు. సొంత దేశం లేని రాయబారే అయినా మంత్రులు మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవారు.

స్వాతంత్ర్యం కోసం తన వాళ్లు ఓటు వేయగానే అక్కడి కేంద్ర ప్రభుత్వం వాళ్ల ప్రాంతానికి విదేశాల నుంచి విమానాలు ఆపేసింది. ఆ వారమే భార్య నెర్మిన్ క్యాన్సర్‌తో పోయింది. సొంతూళ్లో ఆమె తల్లి సమాధి పక్కనే పాతిపెడతానని అంతకుముందే ఆమెకు మాటిచ్చాడు. తెలిసిన మంత్రులందరికీ ఫోన్ చేశాడు. అందరూ సానుభూతి చెప్పారు.

"అక్కడి రాజధాని మీదుగా పంపొచ్చండి," అన్నాడొక అధికారి.

అక్కడ దిగితే రెబ్వార్‌కు అరెస్టు తప్పదు. ఆమెను ఒంటరిగా పంపడానికి మనసొప్పలేదు. బెర్లిన్‌లోనే పాతిపెట్టారు.

"ఇక్కడైతే నేను వారంవారం రాగలను నాన్నా," అంది కూతురు షిలాన్ జర్మన్‌లో.

"మీ అమ్మకి జర్మన్ రాదు కదమ్మా," అన్నాడు.

ఆ నెలలోనే పదవి వదిలేశాడు. మంత్రులెవరూ మళ్లీ పిలవలేదు.