ఒకే పేరు, మూడు అడ్రసులు

మా ఆసుపత్రిలో కొత్తగా ఎవరు చేరినా పేరు, ఇంటిపేరు కలిపి కంప్యూటరే ఈమెయిల్ అడ్రసు తయారుచేస్తుంది. ఆ ఏర్పాటు చూసుకోవడం నా పని. ఆ రోజు రిజిస్ట్రేషన్ కౌంటర్‌కు తీసుకున్న ఒక అమ్మాయికి మాత్రం అడ్రసు రాలేదు. మధ్యాహ్నం పన్నెండులోపు రాకపోతే శిక్షణలో ఆమె చోటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు పోతుంది.

ఖాతా తీసేసి మళ్లీ తెరిచాను. ఖాళీయే. నా పేరుతో ఉత్తుత్తి ఖాతా ఒకటి చేసి చూస్తే రెప్పపాటులో అడ్రసు వచ్చేసింది. ఇలాంటి చిక్కుముడి దొరికితే నాకు టీ కూడా గుర్తుండదు. వెతగ్గా వెతగ్గా అదే పేరు, అదే ఇంటిపేరుతో ఇంకో ఇద్దరు కనిపించారు. వాళ్లూ ఆ వారం చేరినవాళ్లే.

"ఒకే మనిషిని మూడుసార్లు ఎక్కించారు. రెండు తీసెయ్," అన్నాడు మా సూపర్‌వైజర్ హిందీలో.

నాకు ఒళ్లు మండింది. మనిషిని ఒక్క మాట అడగకుండా తీసేస్తారా? అడ్రసు రాని అమ్మాయికి ఫోన్ చేశాను.

హలో అనగానే గొంతు గుర్తుపట్టాను. కామాటిపురలో మేముండే చాల్, అదే ఆ వరసగదుల బిల్డింగు, పై అంతస్తులో ఉండే చిన్నపాప.

తెర మీది పేరు చదివి, "ఇది నీ పేరా?" అన్నాను.

"అవునక్కా. పెద్దపాపది గదే, నడిపిపాపది గదే. మా నాయినమ్మ పేరు. ముగ్గురన్నదమ్ములు తలా ఒక బిడ్డకు పెట్టుకున్నరు. అత్త పేరు నోట అనొద్దని మా అమ్మలు పాప అనే పిలుస్తరు. నా నోక్రీ పోతదా అక్కా?"

ఇరవై ఏళ్లుగా ఒకే మెట్లెక్కుతున్నా వాళ్ల అసలు పేరు నాకు తెలియదు. నవ్వొచ్చింది, భయమూ వేసింది.

కంప్యూటర్‌లో అడ్రసు తయారుచేసే రూల్ తెరిచి చదివాను. ఆ అడ్రసు అప్పటికే ఎవరికైనా ఉంటే చివర ఒకటి అంకె చేర్చాలి, అదీ ఉంటే ఊరుకోవాలి. అంతే. రాసినవాడికి మూడో మనిషి తట్టనే లేదు. ఖాళీ దొరికేదాకా అంకె పెంచుకుంటూ పొమ్మని మార్చి, మీట నొక్కాను. అడ్రసు పడింది! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పన్నెండుకు ఇంకా పది నిమిషాలున్నాయి.

సాయంత్రం చాల్ మెట్ల మీద నాయినమ్మ కూర్చుని, కొత్త అడ్రసులు తెరిచి ఉన్న ముగ్గురి ఫోన్లూ ఒళ్లో పెట్టుకుంది. ఒకప్పుడు బిల్డింగు పనుల్లో ఇటుకల తట్టలు మోసిన మనిషి.

"గిది నా పేరేనా బిడ్డా?"

"నీదే అవ్వా. మూడిట్లోనూ నీదే."

"హాజిరీ బుక్కుల నా పేరు ఎన్నడు రాయలే. ఆయన పేరు రాసి, కింద ఆయన పెండ్లాం అని రాసేటోళ్లు," అంది.

చిన్నపాప ఫోన్ కోసం చెయ్యి చాపింది. ముసలామె ఇవ్వలేదు.

"ఉండనియ్ జరసేపు," అంది.