హసీనా వంతు వీధి గది

అరబ్బు దేశంలో, బహ్లా ఊళ్లోని ఆ ఇంట్లో పనికి కుదిరి పదకొండేళ్లయినా హసీనా టీలో ఉప్పు వేసింది మాత్రం ఈ నెలలోనే. తుడిచిన గదినే మళ్లీ తుడుస్తోంది. దీనికంతటికీ కారణం జమ్మలమడుగు నుంచి తమ్ముడు బాషా ఫోన్లో పంపిన కాగితం. నాన్న కట్టిన నాపరాళ్ల మిద్దెలో తన వంతుకొచ్చిన వీధి గదిని తమ్ముడికి వదిలేస్తున్నట్టు ఆమె సంతకం పెట్టాలి. మొగుడు పోయి, పిల్లలు లేని హసీనాకు తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ గది ఒక్కటే.

పండగలకు తప్ప ఫోను చేయని బాషా ఇప్పుడు రోజూ చేస్తున్నాడు.

"అన్నం తిన్యావా అక్కా? మోకాలి నొప్పి ఎట్లుండాది?"

ఇంత ప్రేమ ఇన్నాళ్లూ ఏ అటక మీద దాచాడో! చివరికి మాత్రం అసలు సంగతికొస్తాడు. "సంతకం ఎప్పుడు పెడ్తాండావు? నాతో పేచీ పెట్టుకుంటే రేపు యాడికొస్తావు చెప్పు?"

గది కావాలంటే తమ్ముడు దూరమవుతాడు. ఉన్న ఒక్క తోబుట్టువు కూడా వాడే.

ఆ మధ్యాహ్నం ఇంటి పెద్దావిడ షంసా వెంట ఖర్జూరం తోటకు వెళ్లింది. ఊరి కాలువ నీళ్లలో షంసాకు ఎనిమిది రోజులకోసారి అరగంట వంతు ఉంది. అది తండ్రి ఇచ్చిన ఆస్తి. వదులుకోమన్న అన్నతో ముప్పై ఏళ్ల కిందట పోట్లాడి మరీ నిలబెట్టుకుంది. అప్పటి నుంచి ఆయన ఆమె గడప తొక్కలేదు. ఆమె తర్వాతి వంతు ఆయనదే. వేళకు వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. షంసా తన తోటకు నీళ్లు మళ్లే మడవ కట్టేసింది. సలాం తప్ప ఇద్దరి మధ్యా మాట లేదు.

తిరిగొస్తూ హసీనా ఉండబట్టలేక అడిగేసింది. "ఆనాడే ఇచ్చేసి ఉంటే మీ అన్న ఇంటికొచ్చేవాడు కదమ్మా?"

"మా చెల్లెలు ఇచ్చేసింది" అంది షంసా. "ఒకసారి వచ్చి భోంచేసి వెళ్లాడు. మళ్లీ ఆ దారి తొక్కలేదు. నన్నయితే ఎనిమిది రోజులకోసారి చూడక తప్పదు."

నవ్వింది గానీ, ఆ నవ్వు హసీనాకు భయం వేసేలా ఉంది.

సాయంత్రం ఫోను మోగింది.

"పెట్టినావా అక్కా?"

"లేదబ్బీ. రేపు చెయ్యి, చెప్తా."

రేపూ ఆమె సంతకం పెట్టదు. పెట్టనని చెబితే వాడు ఫోను చేయడం మానేస్తాడు. పెట్టినా మానేస్తాడు. ఫోను పక్కన పెట్టి, తుడిచిన వంటింటి గట్టునే మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.