అన్న చెప్పిన ముగింపు

ఈ మధ్యాహ్నం మదీనాగూడలో మా ఇంట్లో కేబుల్ టీవీ పెడితే, చిన్నప్పుడు దూరదర్శన్‌లో చూసిన ఇంగ్లీషు అంతరిక్ష సీరియల్ భాగం ఒకటి మళ్లీ వచ్చింది. అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. అన్న మాత్రం అంతా అర్థమైనట్టు ప్రతి మాటా అమ్మకు తెలుగులో చెప్పేవాడు. నౌకను బాగుచేయడానికి బయటికి వెళ్లిన మనిషిని తోటివాళ్లు తర్వాత వెనక్కి వచ్చి ఎక్కించుకుంటారని అతనే చెప్పాడు.

హైటెక్ సిటీలో పనికి కుదిరాక, నిఘంటువు పక్కన పెట్టుకుని నేను ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఈ రోజు మాటలన్నీ అర్థమయ్యాయి. ఇక వెనక్కి రాలేమని చెప్పి వాళ్లు ఆ మనిషిని వదిలేసి వెళ్లిపోయారు. అన్నకు తెలియలేదో, అమ్మ కోసం మార్చాడో అడుగుదామంటే అతను పోయి రెండేళ్లయింది.

తెర మీద నౌక చిన్నదవుతుంటే అమ్మ అడిగింది.

"గా మనిషిని తోల్కపోనీకి మళ్లి వస్తరు గద, బిడ్డా? మీ అన్న గట్లనే చెప్పిండు."

"వస్తరమ్మా."

"చూసినవా, ఇంగ్లీషు రాకున్నా వాడు సక్కగ చెప్పిండు."

నేను తలూపాను. ఇంత కష్టపడి నేర్చుకున్న భాషతో ఇంట్లో చేసిన మొదటి అనువాదం ఇది. మీరైతే ఏం చెప్పేవారు?