దిగని చెయ్యి

నా చిన్నప్పుడు మా పక్కింటావిడ ఎవరికి టాటా చెప్పినా ఎడం చేతితోనే చెప్పేది. పెద్దావిడ, ఎడం చెయ్యి ఊపడమేమిటని మా అమ్మ ముక్కున వేలేసుకునేది. అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో మా వీధి మొత్తానికి మాదొక్కటే తెలుగిల్లు. ఆవిడది పోలండ్. ఇంట్లో మేం పోలిష్ మామ్మగారు అనుకునేవాళ్లం. అమ్మ చారు పంపితే ఆవిడ బీట్‌రూట్ చారు పంపేది. డ్రై క్లీనింగ్ షాపులో ఇస్త్రీ చేసి రిటైరైన మనిషి. కానీ ఆవిడ వంటింటి తలుపు వెనక, మెడ దగ్గర ఆకుపచ్చ కుచ్చున్న నల్లగౌను ఒకటి వేలాడుతుండేది. అదెవరిదో అడగాలంటే నాకు భయం.

నాకు పదేళ్లప్పుడు వీధి పిల్లలం ఒక క్లబ్ పెట్టుకున్నాం. ఒకరోజు కెప్టెన్ ఈల పోయింది. వీధి చివరింటి పిల్లే తీసిందన్నారు. ఆ పిల్ల నా ప్రాణ స్నేహితురాలు. ఆ మధ్యాహ్నమంతా వీళ్లింట్లోనే ఉన్నాను, కావాలంటే అడగండి అని నన్ను చూపించింది. నిజమే, మా ఇంట్లో పప్పన్నం తింటూ కూర్చుంది. అయినా క్లబ్‌లోంచి తీసేద్దామనేవాళ్లు చెయ్యెత్తండి అనేసరికి చుట్టూ చేతులు లేచాయి. ఎత్తకపోతే రేపు నన్ను తీసేస్తారు. సిగ్గు లేకుండా నేనూ ఎత్తాను. ఆ పిల్ల ఇంటికి వెళ్లిపోయింది.

తన పెరట్లోంచి ఇదంతా మామ్మగారు చూసిందట. నన్ను వంటింట్లోకి పిలిచి మళ్లీ చెయ్యెత్తమంది. తను చెప్పేది అయ్యేదాకా దించకూడదంది.

తలుపు వెనకున్న ఆ గౌను ఆవిడదేనట. వాళ్ల ఊళ్లో కోర్టు మెట్లెక్కిన మొదటి ఆడ లాయరు ఆవిడ. మిగతా లాయర్లు పలకరించేవాళ్లు కూడా కాదట. ఒక పెద్దాయన మాత్రం దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. తర్వాత పార్లమెంటుకి ఎన్నికైంది, ఆ జిల్లా నుంచి వెళ్లిన మొదటి ఆడమనిషిగా. అక్కడ ఒక చట్టం ఓటుకి వచ్చింది. ప్రభుత్వాన్ని తప్పుపట్టినవాళ్లకి లాయరు లేకుండానే విచారణ. అటూ ఇటూ చూసింది. అందరూ చేతులెత్తారు, ఆవిడా కుడి చెయ్యెత్తింది. ఆ చలికాలంలోనే ఆ చట్టం కింద ఆ పెద్దాయన్ని పట్టుకెళ్లారు. ఆవిడ గౌను వేసుకుని పరుగెత్తింది. లాయర్లని రానివ్వం, ఈ చట్టం చేసింది మీరే కదా అని కోర్టు గుమ్మంలోనే ఆపేశారు. ఆయన మరి బయటికి రాలేదు.

అప్పటికి నా భుజం పీకేస్తోంది, ఏడుపు తన్నుకొస్తోంది.

"ఇక దించు," అంది. "నీది దిగుతుంది. నాది ఇంకా దిగలేదు."

చెయ్యి దించాను. అయినా ఆ రోజు కదల్లేదు, అంత పిరికిదాన్ని. మర్నాడు అందరి ముందూ నిజం చెప్పాను. నన్నూ క్లబ్‌లోంచి తీసేశారు. అక్కణ్ణించి ఆ పిల్ల ఇంటికి వెళితే, తలుపు సగమే తీసి ఒక్కటే అడిగింది.

"నిన్న ఎందుకు చెప్పలేదు?"



ఇప్పుడు నాకు అరవై దాటాయి. మా తెలుగు సంఘం కమిటీలో ఎవరినైనా తీసేయాలని "ఆల్ ఇన్ ఫేవర్, సరేననేవాళ్లు చెయ్యెత్తండి" అనగానే నా కుడి భుజం పీకడం మొదలవుతుంది. ఫ్రోజెన్ షోల్డర్, కీలు బిగుసుకుపోయింది అంటాడు డాక్టరైన మా అబ్బాయి. నేను మాత్రం కమిటీలో, ముందు ఆ మనిషిని పిలిచి ఏం చెబుతాడో విందాం అంటాను. ఈవిడదొక చాదస్తం అని విసుక్కుంటారు. విసుక్కోనీ. వాళ్ల చేతులు లేచినప్పుడల్లా నేను గుమ్మం వైపు చూస్తాను. నల్లగౌనులో మామ్మగారు అక్కడే నిలబడి ఉంటుంది. ఆవిడ కుడి చెయ్యి ఇంకా పైకే ఉంటుంది.