బర్రెల లైనులో నూట యాభై నాలుగు ఐదులు

పోయినవేమిటో ముందు రాస్తాను. ఒకే మనిషి పోసిన ఇరవై రెండు పూటల పాలు, పూటకు నాలుగు కిలోల లెక్కన ఎనభై ఎనిమిది కిలోలు. వాటికి వెన్న శాతం ఏడు పాయింట్ రెండు పడాల్సిన చోట ఐదు పడింది. అంటే ఒక కిలో తొమ్మిది వందల ముప్పై ఆరు గ్రాముల వెన్న లెక్కలోంచి మాయమైంది. ఇరవై మూడో పూట మరో నాలుగు కిలోల పాలు మోరీ కాలువలో పోయాయి. బర్రెల లైనులో ఏడుగురు ఉండేవాళ్లు, ఇప్పుడు ఆరుగురు. ఆ మనిషి పేరు కూడా పోయింది. దానికి తూకం తెలియక చివర రాస్తున్నాను.

ఇబ్రహీంపట్నం దగ్గర మా ఊరి పాల కేంద్రంలో పదిహేను రోజులకొకసారి బిల్లులు కట్టే పని నాది. కంప్యూటరు ఎవరూ నేర్పలేదు, తెర మీద వచ్చిన ప్రతి మాటా చదివి నేర్చుకున్నాను. నాకూ ఒక ఆవు ఉంది. రోజూ ఆవుల లైనులో నిలబడి పాలు పోస్తాను. ఆవు పాలకొక మిషను, బర్రె పాలకొక మిషను. పాలు పోయగానే మిషను వెన్న శాతం చూసి వైరు మీదుగా కంప్యూటరుకు పంపుతుంది. బర్రె పాల మిషను సొంత తెర చెడిపోయి ఏడాదైంది. అంకె కంప్యూటరులో కనిపిస్తున్నప్పుడు దానితో పనేముందని సెక్రెటరీ బాగుచేయించలేదు.

దసరాకు అన్ని వైర్లూ పీకి, మిషన్లు కడిగి తుడిచి, బొట్లు పెట్టి, మళ్లీ వైర్లు పెడతాం. ఏటా ఆ పని నాదే. ఆ ఏడూ నేనే చేశాను.

పండుగైన పన్నెండో రోజు పొద్దున, మా లైన్లు రెండూ నిండుగా ఉన్నప్పుడు, సెక్రెటరీ ఒక అక్క క్యాను ఎత్తి అందరికీ చూపించాడు. రెండు బర్రెలతో ఇల్లు నడుపుకునే మనిషి ఆమె. వాటి పాలకు ఏడుకు తక్కువ ఎన్నడూ పడలేదు.

"ఏందక్కా, బర్రెకు నల్లా బిగించినవా? పదకొండు దినాల సంది ఐదే పడుతుంది."

లైనులో నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నల్లా మా వాడకు మూడొద్దులకోసారి వస్తది. కలుపుదామన్నా నీళ్లేడియి? తాగనీకే లెవ్వు."

"మిషన్ అబద్ధమాడుతదా మరి?"

"నా బర్రె ఆడుతదా?"

ఆయన క్యాను మోరీలో వంచేశాడు. ఆమె ఖాళీ క్యాను తీసుకొని, మూత కూడా పెట్టకుండా వెళ్లిపోయింది. ఆ మాట విన్నవాళ్లు నాతో కలిపి పందొమ్మిది మంది. మేమెవ్వరం నోరు మెదపలేదు. నాకు నోరు రాకపోవడానికి కారణమేమిటో ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం కేంద్రానికి వెళ్లి బర్రెల లెక్క తెరిచాను. ఆ పొద్దుటివి పక్కన పెడితే ఏడుగురు, ఇరవై రెండు పూటలు, నూట యాభై నాలుగు అంకెలు. అన్నీ ఐదే. ఐదు పాయింట్ ఒకటి లేదు, నాలుగు పాయింట్ తొమ్మిది లేదు. ఏ రెండు బర్రెలూ ఒకే శాతం ఇవ్వవు. ఒకే బర్రె పొద్దున, సాయంత్రం ఒకే శాతం ఇవ్వదు. మిగతా ఆరుగురికి మామూలుగా ఐదున్నర లోపే పడుతుంది కాబట్టి పండుగ పూట మేత తక్కువైందనుకొని ఊరుకున్నారు. ఆమె ఒక్కతికే పెద్ద కోత పడింది, అందుకే ఆమె ఒక్కతే దొంగ అయింది.

కంప్యూటరులో, దానికి తగిలించిన పరికరాల జాబితా తెరిచాను. పాల లెక్క రాసే ప్రోగ్రాము మిషనును నేరుగా ముట్టుకోదు. మధ్యలో ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. కేంద్రంలో కొత్తగా పాలు పోసేవాళ్లకు మేము కార్డు నంబరు ఇచ్చినట్టే, తగిలించిన ప్రతి పరికరానికీ అది ఒక నంబరు ఇస్తుంది. మా చౌక వైరుకు తానెవరో చెప్పుకునే గుర్తు లేదు. కంప్యూటరుకున్న వేరే రంధ్రంలో పెడితే సిస్టమ్ దాన్ని కొత్తదనుకొని కొత్త నంబరు ఇస్తుంది. మిషను పాత నంబరు మూడు, తెర మీద ఇప్పుడు ఏడు. ప్రోగ్రాము మాత్రం ఇంకా మూడునే అడుగుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది. పాత రంధ్రం పక్కన నేనే పెట్టిన కుంకుమ ఇంకా తడిగా ఉందని, వైరును పక్క రంధ్రంలో గుచ్చాను.

నా తప్పు అంతవరకే. దాన్ని తగ్గించి రాయను. కానీ నాకు కోపం వచ్చింది వేరే సంగతికి. ప్రోగ్రాము అడిగిన ప్రతిసారీ, మూడులో ఎవరూ లేరని సిస్టమ్ చెప్పింది. నూట యాభై నాలుగు సార్లు నిజమే చెప్పింది. ఆ నిజాన్ని ప్రోగ్రాము నూట యాభై నాలుగు సార్లు మింగి, ఐదు రాసింది. దాన్ని తయారుచేసిన అతను మీర్‌పేట్‌లో ఉంటాడు. ఫోను చేశాను.

"జాగ ఖాళీ ఉంటే బిల్లు ఆగిపోతదన్నా. అందుకే బర్రె పాలకు అన్నిటికన్నా తక్కువది, ఐదు పెట్టినం. అన్ని సెంటర్లకు గట్లనే."

"తెలియదని రాయొచ్చు కద తమ్మీ?"

"తెల్వదని రాస్తే మా ప్రోగ్రాం ఎవరు కొంటరన్నా?"

తెలియని చోట ఖాళీ వదలడం నాకు లెక్కలు నేర్పిన మొదటి మర్యాద. ఆ ఖాళీలో అతను ఒక మనిషి మీద నింద రాశాడు, పైగా అన్ని ఊళ్లలో.

వైరు పాత రంధ్రంలో పెట్టాను. మూడు తిరిగొచ్చింది. సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి నా తప్పు చెప్పి, కేంద్రానికి రమ్మన్నాను.

"నేను రాను. గా మిషన్‌కే తాపియ్యి పో, అన్నా" అని ఒక చెంబెడు పాలు నా చేతిలో పెట్టింది.

కేంద్రానికి తెచ్చి మిషనులో పోస్తే ఏడు పాయింట్ ఒకటి పడింది. అప్పటికింకా లైను రాలేదు. పొద్దున ఆ మాట విన్నవాళ్లలో ముందుగా వచ్చిన ఇద్దరూ నేనూ ఉన్నాం. సెక్రెటరీ తెర చూసి, గొంతు తగ్గించి, "సరే, తప్పయింది" అన్నాడు. ఆమెకు పండుగ ముందటి సగటు, ఏడు పాయింట్ రెండు చొప్పున తేడా పైసలు లెక్కగట్టి ఇచ్చాడు, మోరీలో పోసిన వాటితో సహా. మిగతా ఆరుగురికీ అలాగే సరిచేశాడు. పైసల్లో ఎవరికీ బాకీ లేదు.

ఆమె మాత్రం మళ్లీ రాలేదు. ఇప్పుడు కాలనీలో ఇంటింటికీ పోస్తోంది, రోజూ మూడు కిలోమీటర్లు అదనంగా నడిచి. ఒకసారి దారిలో కలిస్తే అడిగాను.

"నీళ్లని అందరి ముందట అన్నడు. తప్పయిందని గూడ అందరి ముందటనే అనుమను, వస్త."

జరిగింది నేను ప్రతి ఒక్కరికీ చెప్పాను. అది లెక్కకు రాదు, ఎందుకంటే నింద వేసింది నేను కాదు. సెక్రెటరీని ఎప్పుడు అడిగినా "అయిపోయిన ముచ్చట, ఇడిచిపెట్టు" అంటాడు.

నీళ్లన్న మాట విన్నవాళ్లు పందొమ్మిది మంది. తప్పయిందన్న మాట ఆయన నోట విన్నవాళ్లం ముగ్గురం. ఇంకా బాకీ పదహారు.