ఖాళీ గడిలో పెట్టిన మాట

ఆ వాక్యాన్ని మెడికల్ ఆఫీసరు రెండోసారి చదివించుకున్నాడు.

"చుక్కాని చేతిలోనే ఉంటాది, మనిషి మాత్రం అక్కడ ఉండడు. మనం అడిగినదానికి బోయా దాటిపోయినాక జవాబు చెప్తాడు."

మొదటిసారి నేను తెలుగులో చదివి హిందీలో అర్థం చెప్పినప్పుడు డెలానీపూర్‌లోని ఆ మీటింగ్ హాల్లో ఒకరిద్దరు నవ్వారు. రెండోసారి ఎవరూ నవ్వలేదు. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇది ఎవరు చెప్పారు?" అని అడిగాడు.

చెప్పింది మిన్నీ బేలో మా పక్కింటావిడ. ఎవరి గురించి చెప్పిందో ఆ మనిషి ఆమె భర్త. మనుషుల్నీ లారీల్నీ ఆవలి ఒడ్డుకు చేర్చే ఫెర్రీలో చుక్కాని పట్టడం ఆయన ఉద్యోగం. బోయా అంటే నీళ్ళలో దారి గుర్తుగా తేలే పీపా. అడుగుతున్న డాక్టరేమో ఓడల మీద పనిచేసేవాళ్ళకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చే మనిషి. ఈ సంగతులన్నీ నాకు ముందే తెలుసు. ఆ నిమిషం వరకూ వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు.

"తెలిసినవాళ్ళు" అన్నాను.

మూలం బయటపెట్టకపోవడం పత్రికలో నేర్చుకున్న అలవాటు. కానీ ఈ దీవుల్లో ఫెర్రీని బోయాలు దాటించే మనుషులు ఎంతమంది ఉంటారు? నేను దాచిన పేరును వాక్యమే చెప్పేసింది. ఆయన ఇంకేమీ అడగలేదు. కళ్ళజోడు పెట్టుకుని తర్వాతి పేజీకి వెళ్ళాడు.

నేను పుట్టింది సముద్రం నడుమ ఈ దీవుల్లోనే. ఉద్యోగం మాత్రం విశాఖపట్నంలో, ఒక దినపత్రిక డెస్కులో. రిటైరయ్యాక తిరిగి వచ్చి మిన్నీ బేలో ఉంటున్నాను. రెండేళ్ళుగా ఇక్కడ మెదడు, నరాల జబ్బుల మీద ఒక పరిశోధన జరుగుతోంది. దాన్ని నడిపే డాక్టరమ్మ తెలుగు సరిగ్గా రాయగల మనిషి కోసం వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. ఆమె కూడా మా దీవుల అమ్మాయే.

"నేను మాట్లాడతాను అంకుల్. రాయమంటే మాత్రం హిందీలోనే వస్తది" అంది. సిగ్గుపడుతూ చెప్పలేదు, ఉన్నమాట చెప్పింది.

పని ఏమిటో ఆమే వివరంగా చెప్పింది. ఒక ఊళ్ళో డాక్టరు 'ఫిట్స్' అని రాస్తాడు. ఇంకో ఊళ్ళో 'మూర్ఛ' అని రాస్తారు. మరోచోట 'కళ్ళు తిరిగి పడిపోయాడు' అని రాసి వదిలేస్తారు. ఇవన్నీ ఒకచోట చేర్చినప్పుడు కంప్యూటరుకు అవి వేరువేరు జబ్బులు. ఒక్కోసారి వేరువేరు జబ్బులు ఒకే మాట కింద పడిపోతాయి. అందుకని ఉమ్మడి పదజాలం తయారుచేస్తున్నారు. ప్రతి లక్షణానికీ ఒక పదం, ఒక నిర్వచనం, ఒక నంబరు. ఆ పదం పక్కన ఒక్కో భాషకు ఒక గడి. జనం దాన్ని తమ మాటల్లో ఎలా చెప్తారో ఆ గడిలో రాయాలి. రేపు ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలడిగే పిల్లలు ఎవరైనా ఆ మాట అన్నప్పుడు ఏ పదం కింద వేసుకోవాలో దాన్నిబట్టి తెలుసుకుంటారు.

"ఒక్కటి గుర్తు పెట్టుకో అంకుల్. ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటిది కంటికి కనిపించింది. పిలిస్తే పలకలేదు, చెయ్యి వణికింది, ఇలాంటివి. రెండోది దానికి డాక్టరు పెట్టే జబ్బు పేరు. ఇంట్లోవాళ్ళు చెప్పిన మాట ఎప్పుడైనా మొదటి భాగంలోకే పోవాల. రెండోదాంట్లో రోగం ఖాయమయ్యాక రోగులు చెప్పిన మాటలే వెయ్యాలి."

అర్థమైందన్నాను. అర్థమైంది కూడా. ఒక వస్తువుకు ఒకే పేరు వాడాలని కొత్తవాళ్ళకు డెస్కులో నేను ఎంతమందికి చెప్పి ఉంటానో. ఈ పని నాకోసమే పుట్టినట్టు అనిపించింది.

పక్కింటావిడను నేను అడిగింది ఒక ఆదివారం పొద్దున. ఆమె పెరట్లో పీట వేసుకుని చేపలు శుభ్రం చేస్తోంది. నేను గోడకు ఇవతల కుర్చీ వేసుకున్నాను.

"ఏటి భయ్యా, రిటైరైనా రాతలు మానరా?"

"ఇవి పనికొచ్చే రాతలమ్మా. నువ్వొకటి చెప్పు. మనిషి కళ్ళు తెరుచుకునే ఉంటాడు, పిలిస్తే పలకడు. అలాంటివాణ్ణి మన వాళ్ళు ఏమంటారు?"

"మొగుడంటారు" అంది.

నవ్వు ఆగాక తనే మళ్ళీ అందుకుంది. "నవ్వులకి కాదు భయ్యా. మా ఆయన అచ్చం అంతే. మొన్న మా తమ్ముడు ఫెర్రీలో ఆయన పక్కన నిలబడి ఏటో అడిగినాడంట. చుక్కాని చేతిలోనే ఉంటాది, మనిషి మాత్రం అక్కడ ఉండడు. మనం అడిగినదానికి బోయా దాటిపోయినాక జవాబు చెప్తాడు. ఇంట్లోనూ అదే. అన్నం కలుపుతా కలుపుతా ఆగిపోతాడు."

ఇంట్లోంచి ఆయన గొంతు వినిపించింది. "నా గురించి ఏటి అంటన్నావు?"

"చూసినారా, ఇప్పటికి అందింది" అని ఆమె చేప తిరగేసింది.

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. "రాసుకో అన్నా, రాసుకో. నీకు ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి మా ఇల్లు పేపరనుకుంటన్నావు" అని నవ్వి లోపలికి వెళ్ళిపోయాడు.

నేను రాసుకున్నాను. అంత మంచి వాక్యం దొరకడం అరుదు.

దాన్ని ముందు పెట్టాల్సిన చోటే పెట్టాను. మొదటి భాగంలో 'పిలిస్తే పలకకపోవడం' అనే పదం పక్కన. అక్కడ అప్పటికే నాలుగు మాటలున్నాయి. రెండో భాగంలో, కింద పడిపోకుండానే స్పృహ తగ్గే మూర్ఛ అనే జబ్బు పేరు ఉంది. దాని పక్కన హిందీ గడి నిండింది. బెంగాలీ నిండింది. తమిళం నిండింది. తెలుగు ఒక్కటే ఖాళీ. మీటింగుకు కాగితాలు పంపే గడువు దగ్గరపడింది.

పేజీలో ఖాళీ వదిలి అచ్చుకు పంపడం మా డెస్కులో లేదు. అంగుళం జాగా మిగిలినా ఏదో ఒక చిన్న వార్త వెతికి అక్కడ కూర్చోబెట్టేవాళ్ళం. ఆ వార్త ఎవరికి అవసరమని ఎవరూ అడిగేవారు కాదు, అది అక్కడ పడుతుందా లేదా అన్నదే చూసేవాళ్ళం. ఆ ఖాళీ గడిని చూస్తుంటే నా చెయ్యి ఆగలేదు. పక్కింటావిడ వాక్యాన్ని మొదటి భాగం నుంచి తీసి రెండోదాంట్లో పెట్టాను. అక్కడ అది ఎంతో బాగా కుదిరింది.

చుక్కాని, బోయా తీసేసి స్కూటరు, మలుపు అని మారుద్దామా అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. మారిస్తే రుచి పోతుందనిపించింది. అలాగే ఉంచేశాను.

మీటింగు అయిన కొన్నాళ్ళకు పక్కింటాయన్ను వైద్య పరీక్షకు పిలిచారు. మామూలుగా జరిగే పరీక్షకు ఇంకా సమయం ఉంది. ఈసారి ముందే పిలిచారు. ఆయన వెళ్ళాడు, సాయంత్రం వచ్చాడు. మర్నాడు డ్యూటీకి వెళ్ళలేదు. ఆ తర్వాతి రోజు ఆయన భార్య మా గుమ్మంలోకి వచ్చింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"భయ్యా, ఆ డాక్టరు మా ఆయన్ని ఏమడిగినాడో తెలుసా? బోయా దాటినాక జవాబు చెప్తావంట గదా అని అడిగినాడు. ఆ మాట నేను మా తమ్ముడితో అన్నాను, మీతో అన్నాను. మా తమ్ముడు వాళ్ళ ఊరు చౌల్దారీ, మా ఇల్లు తప్ప ఎక్కడికీ పోడు."

నేను కుర్చీని మళ్ళీ ఆమె వైపు జరిపాను.

"కూర వండితే గిన్నెలో పెట్టి ఇస్తాం గదా, అలాగ ఇచ్చిన మాట అది. మీరు తింటారనుకున్నాను. బజార్లో పెడతారనుకోలేదు."

"నీ పేరు గానీ ఆయన పేరు గానీ ఎక్కడా రాయలేదమ్మా."

"పేరు ఎందుకు భయ్యా? ఆ చుక్కానే ఆయన పేరు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏదో ఒక సమాధానం వెతుక్కుని ఉండేవాణ్ణి. పొయ్యి మీద పప్పు ఉందని చెప్పి వెళ్ళిపోయింది.

ఆయన్ను ఉద్యోగం నుంచి తీసెయ్యలేదు. చుక్కాని దగ్గర నుంచి మాత్రం తప్పించి జెట్టీ మీద వేశారు. ఫెర్రీ వచ్చినప్పుడు తాడు అందుకుని గుంజకు చుట్టడం, వెళ్ళేటప్పుడు విప్పడం ఆయన పని. కుర్రతనం నుంచి పాయ మధ్యలో నీటి లాగుడు చూస్తూ చుక్కాని తిప్పిన మనిషి. ఇప్పుడు ఒడ్డున నిలబడి ఇంకొకరు ఫెర్రీని ఎంత వంకరగా తెస్తున్నారో చూస్తున్నాడు. నేను అటు వెళ్ళిన రోజున నన్ను చూసి, "రా అన్నా, ఇక్కడ నిలబడితే నేను అక్కడే ఉన్నానో లేదో ఎవరూ అడగరు" అన్నాడు. పక్కనున్న ఇద్దరు కూలీలు నవ్వారు. నేను ఫెర్రీ ఎక్కి అటు తిరిగి కూర్చున్నాను.

డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళి ఆ వాక్యం తీసెయ్యమన్నాను. నేను చేసింది ఆమె పూర్తిగా వింది. తర్వాత కంప్యూటరు తెరిచి నా ఎదుటే దాన్ని రెండో భాగం నుంచి తీసేసింది.

"తీసినాను. ఆ డాక్టరు సాబ్ చదివినదాన్ని మాత్రం నేను తియ్యలేను అంకుల్."

"ఆయనతో మాట్లాడవచ్చు కదా. అది రోగి చెప్పిన మాట కాదని, పొరపాటున ఆ గడిలో పడిందని."

"చెప్తాను. చెప్తే ఏమంటాడు? గడి తప్పు, మంచిది, మనిషి సంగతేంటి అంటాడు." కంప్యూటరు మూసేసింది. "ఒకవేళ నిజంగానే మూర్ఛ అయితే? ఫెర్రీలో పొద్దున్న ఇస్కూలు పిల్లలు ఎక్కుతారు."

ఆ ప్రశ్నకంటే ఇబ్బందైన సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఆదివారం తర్వాత, మీటింగుకు ముందు, నేను చాలాసార్లు ఆ ఫెర్రీ ఎక్కాను. పైన ఆయన నిలబడే చోటుకేసి చూశాను. వాక్యం ఎంత బాగుందో తలుచుకున్నాను గానీ ఆ ఫెర్రీలో ఉన్నవాళ్ళ గురించి ఆలోచించలేదు. ఆయన్నే విడిగా కూర్చోబెట్టి, ఒకసారి డాక్టరుకు చూపించుకో తమ్ముడూ అని చెప్పి ఉండవచ్చు. పొరుగువాడు చెయ్యాల్సిన పని అది. చెప్పకూడని చోట చెప్పాను, చెప్పాల్సిన చోట చెప్పలేదు. ఈ రెండింటిలో దేనికి ఎక్కువ బాధపడాలో ఇప్పటికీ నాకు తేలలేదు.

ఈమధ్య ఆయన భార్య మళ్ళీ మాట్లాడుతోంది. ముందులా కాదు, అవసరమైనంతే. ఒకరోజు గోడ దగ్గర నిలబడి మెల్లగా చెప్పింది. "ఇంజిను పక్కన ఇన్నేళ్ళు నిలబడినాడు గదా, ఆయనకి ఎడమ చెవి సరిగా వినబడదు భయ్యా. అందుకే ఆలస్యంగా పలుకుతాడేమోనని నాకు అనుమానం."

నాకు ప్రాణం లేచి వచ్చింది. "మరి ఆ మాట డాక్టరుతో చెప్పమ్మా. నేను వస్తాను, నేను చెప్తాను."

ఆమె నా వంక జాలిగా చూసింది. "మీరు మళ్ళీ చెప్తారా? చెవి వినబడనివాడికి మాత్రం చుక్కాని ఇస్తారా?"

ఆ మాట నేను ఎక్కడా రాసుకోలేదు. ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నది ఆ దంపతులిద్దరికీ ముందు చదివి వినిపించి, సరేనన్నాకే. ఆయన మొత్తం విని, "ఈసారి పేపరువాడివి కాదు, మనిషివి" అన్నాడు. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో ఆయన ముఖం చూసి కనిపెట్టలేకపోయాను.

ఇక్కడి ఆసుపత్రిలో ఆయన తలకు తీగలు అంటించి తీసిన ఈఈజీలో తేడా ఏమీ కనిపించలేదు. ఆ కాస్త సేపట్లో కనిపించకపోయినంత మాత్రాన లేదని చెప్పలేమని మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన నరాల డాక్టరు రాశాడు. రాత్రీ పగలూ కెమెరా ముందు ఉంచి చేసే పరీక్ష చెన్నైలో చేయించుకు రమ్మన్నాడు. దాని ఫలితం వచ్చేదాకా ఆయన కాగితాల్లో జబ్బు పేరు రాయాల్సిన చోట 'నిర్ధారణ కాలేదు' అని ఉంటుంది. ఆయన చెన్నై వెళ్తానని గానీ వెళ్ళనని గానీ ఇంతవరకు ఎవరితోనూ చెప్పలేదు.