ఎర్త్ లేని గోడ

నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం. ఇది నా ఇంట్లో, నా కళ్ళముందు జరిగింది. బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా చెప్తాను... అసలు చెయ్యి పెట్టడం అన్న మాట వింటేనే ఇప్పుడు నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక్కడ అమెరికాలో, ఐసెలిన్‌లో మేం కొన్నది పాత ఇల్లు. అమ్మినవాడు పరాయివాడు కాదు. మా తెలుగు చర్చిలో పెద్దమనిషి. జోసెఫ్ అన్న అంటాం. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ఇల్లంతా కొత్తగా వైరింగ్ చేయించానని, మనవాళ్ళ మధ్య కొనేముందు చేయించే ఇన్‌స్పెక్షన్ ఎందుకని అన్నాడు. మా ఆయన డేవిడ్‌కి మొహమాటం ఎక్కువ. ఇన్‌స్పెక్షన్ అక్కర్లేదని సంతకాలు పెట్టేశాం.

చలికాలం వచ్చింది. మా పాప గ్రేసీ తన గదిలో హోంవర్క్ చేసుకుంటోంది. ఒక చెయ్యి గోడ పక్కనున్న ఇనుప హీటర్ మీద పెట్టి, రెండో చేత్తో టేబుల్ లాంప్ పట్టుకుంది. ఇనుప లాంపు... నాకు అరుపు వినపడలేదు. పిల్ల అరవలేకపోయింది. ఏదో పనిమీద ఆ గదిలోకి వెళ్ళాను కాబట్టి సరిపోయింది, లేకపోతే... కళ్ళు తెరుచుకుని, నోరు బిగుసుకుని అలాగే ఉంది. ప్లగ్ తాడు పట్టి లాగేశాను. ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్ళు మాత్రం ఇంకా మొద్దుబారే ఉన్నాయి. ఆదివారాలు చర్చిలో కీబోర్డ్ వాయించే పిల్ల, ఇప్పుడు చొక్కా గుండీలు నా చేత పెట్టించుకుంటోంది.

అప్పుడు పిలిచాం ఎలక్ట్రీషియన్‌ని. చేయించాల్సిన ఇన్‌స్పెక్షన్ అప్పుడు చేయించాం. ప్లగ్ పాయింట్‌లో మూడో కన్నం ఉంటుంది కదా, ఎర్త్ కోసం. మా గోడలో ఆ కన్నం వెనక ఎర్త్ వైరే లేదు. చిన్న వైరు ముక్కతో దాన్ని పక్కనున్న న్యూట్రల్ కన్నానికి కలిపేశారు. అలా కలిపితే టెస్టర్ పెట్టినా అంతా బాగున్నట్టే చూపిస్తుందట. పైగా గ్రేసీ గదిలో కరెంటు వైరూ, న్యూట్రల్ వైరూ కూడా తారుమారయ్యాయి. ఆ మూడో కన్నం గుండా కరెంటు నేరుగా లాంపు ఒంట్లోకి వచ్చింది. ఇది తెలియక చేసింది కాదు, టెస్టర్‌ని మోసం చేయడానికి చేసింది అన్నాడాయన. బేస్‌మెంట్‌లో ఆ గదికి కరెంటిచ్చే బ్రేకర్ స్విచ్ ఆపేసి, దానిమీద టేపు అంటించి, కరెంటు లేదని పరీక్షించి, సోమవారం వస్తానని వెళ్ళాడు.

జోసెఫ్ అన్నకి ఫోన్ చేశాను. మేమే ఏవో గ్రైండర్లు, హీటర్లు ఎక్కువ పెట్టేసుంటామని, తను చేయించిన పని పర్ఫెక్ట్ అని అన్నాడు. నా రక్తం మరిగిపోయింది. ఆదివారం చర్చిలో అందరూ క్షమించమన్నారు. ప్రార్థనకి కళ్ళు మూసుకున్నాను. కానీ నేను అడిగింది వేరు. ఆ చెయ్యి ఒక్కసారి ఆ గోడ మీద పడనీ ప్రభువా, అని అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడటం లేదు.

ఆ ఆదివారం సాయంత్రం ఆయనే వచ్చాడు. పాప కోసం ప్రార్థన చేస్తాడట. అప్పటికే బయట చీకటి. గ్రేసీ ముందు గదిలో నిద్రపోతోంది. డేవిడ్ ఫోన్ లైటు వేసి ఆయన్ని పాప గదిలోకి తీసుకెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"చూడమ్మా, ఏముందిక్కడ? ఊరికే భయపడుతున్నారు" అని నవ్వుతూ, ఆ ప్లగ్ పాయింట్ మీద అరచెయ్యి ఆనించాడు.

ఏమీ కాలేదు. అందులో కరెంటు లేదని నాకు తెలుసు. నిజం చెప్పాలంటే... ఉసూరుమనిపించింది.

అప్పుడు వినపడింది. జుమ్మ్... మని. సన్నగా. తేనెటీగ గోడలో ఇరుక్కున్నట్టు. పైన బల్బు మెల్లగా వెలగడం మొదలుపెట్టింది. ఎర్రగా... మసకగా... జోసెఫ్ అన్న ముఖం మీద నవ్వు అలాగే ఉంది. చెయ్యి మాత్రం రావడం లేదు. భుజం లాగుతున్నాడు... రావడం లేదు. డేవిడ్ మెయిన్ ఆపడానికి బేస్‌మెంట్‌లోకి పరిగెత్తాడు. గదిలో నేనూ, ఆయనా.

నేను కదల్లేదు.

అప్పుడాయన మాట్లాడాడు. కరెంటు పట్టుకున్న మనిషి మాట్లాడలేడు. నా బిడ్డ అరవలేకపోయింది. ఈయన మాట్లాడాడు.

"నేనే."

ఆగాడు... ఏదో వింటున్నట్టు.

"ఎలక్ట్రీషియన్ ఎవరూ లేరు. నేనే చేశాను."

మళ్ళీ ఆగాడు.

"తెలుసు. ఎర్త్ లేదని తెలుసు. ఇన్‌స్పెక్షన్‌లో దొరక్కూడదని ఆ ముక్క నేనే పెట్టాను."

బల్బు ఆరిపోయింది. చెయ్యి ఊడి వచ్చింది. గోడకి జారిపడి ఏడుస్తున్నాడు.

"మొదటిసారే చెప్పాను కదమ్మా... అన్నిసార్లు అడగాలా?" అన్నాడు.

నేను అడగలేదు. ఒట్టు. నా పెదవి కూడా కదల్లేదు. ఆ గదిలో నాకు వినపడినవి జవాబులే.

డేవిడ్ పైకి వచ్చాడు. ముఖంలో రక్తం లేదు. ఆ గది బ్రేకర్ ఆపే ఉందట. టేపు చెక్కుచెదరలేదట. నన్నే అదోలా చూస్తూ అడిగాడు. "నువ్వంత మెల్లగా అడిగితే, కిందున్న నాకెలా వినపడింది?"

సోమవారం ఎలక్ట్రీషియన్ గోడ కోసి చూశాడు. వేరే లైన్ ఎక్కడైనా తగులుతోందేమో అన్నాడు. దొరకలేదు. ఉండే ఉంటుందిలే అని మాత్రం అన్నాడు. ఆ ఇంట్లో పాత వైరన్నది లేకుండా అన్నీ మార్పించేశాం.

తర్వాతి ఆదివారం జోసెఫ్ అన్న చర్చిలో అందరిముందూ లేచి ఒప్పుకున్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, గ్రేసీ చేతివైపు చూసి, క్షమించమ్మా అన్నాడు. నేను ఏమీ అనలేదు. నోరు తెరవలేదు, పక్కనున్న డేవిడ్ సాక్షి. అయినా ఆయన ముఖం తెల్లగా పాలిపోయింది. రెండు అడుగులు వెనక్కి వేసి, గబగబా బయటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ చర్చికి రాలేదు.

ఆయనకేం వినపడిందో నాకు తెలియదు. నేనేం అనుకున్నానో మాత్రం నాకు తెలుసు...